పెద్దల పంచాయతీ – పరకాల కోర్టు



ఊరిలో తగవు పుట్టినప్పుడు మొదట కోర్టును తలచువారు అరుదు. మొదట తలచునది మిమ్ములనే. రచ్చకట్టపై గాని, చావడి అరుగుపై గాని మీరు నలుగురు కూర్చుండి, ఉభయుల మాటలు విని, ఒక కాగితము వ్రాయించి పంపుదురు. ఆ పద్ధతి మంచిదే. గట్టు మొదట ఎక్కడ నుండెనో, బావి నీటి వంతు ఏ యేట ఎవరిదో మీకు తెలిసినంతగా ఏ న్యాయాధిపతికిని తెలియదు. అయినను మీ తీర్పు ఎంతవరకు నిలుచును, ఎక్కడ నిలువదు, నిలువనప్పుడు పరకాలలో ఏ గుమ్మము ఎక్కవలెను, చేత డబ్బు లేనివానికి వకీలు ఎట్లు దొరకును అను సంగతులు మీకు తెలిసియుండుట చాల అవసరము. ఏలయన మీ మాట నమ్మి ఊరకున్నవాడు గడువు దాటి నష్టపడినచో, ఆ నష్టమును పూడ్చుట తరువాత ఎవరి తరమును కాదు.

ఒక ఉదాహరణము కల్పించి చెప్పెదను. అన్నదమ్ములు ఇద్దరు, తండ్రి తాతల నాటి భూమి 4 ఎకరముల 20 గుంటలు. పెద్దలు కూర్చుండి తూర్పుభాగము అన్నకు, పడమటిభాగము తమ్మునకు అని పంచి, నూరు రూపాయల స్టాంపు కాగితముపై వ్రాయించి సాక్షి సంతకములు చేసిరి. పండ్రెండేండ్లు ఎవరి భాగము వారు దున్నుకొనిరి. అన్న కాలము చేసెను. తూర్పున రోడ్డు పడి ఆ వైపు భూమి ధర పెరిగెను. అంతట తమ్ముడు, "మాకు పంపకమే జరుగలేదు, భూమి అంతయు ఉమ్మడిది, మరల సమముగ పంచవలెను" అని దావా వేసెను. అన్న కుమారుడు పెద్దలు వ్రాసిన కాగితమును భద్రముగ తీసికొనిపోయి వకీలు ముందర పెట్టెను. వకీలు దానిని చదివి తల అడ్డముగ నూపెను.

కారణము వినుడు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము, నూరు రూపాయలును అంతకు మించిన విలువయు గల స్థిరాస్తిలో హక్కును ఒక కాగితమే కలిగించుచున్నచో ఆ కాగితమును రిజిస్టరు చేయింపవలెను. చేయింపనిచో, ఇట్లు పంపకము జరిగినదనుటకు కోర్టు దానిని సాక్ష్యముగ గ్రహింపదు. స్టాంపు తక్కువైనదా, లోటు మొత్తమును, దానిపై పది రెట్లవరకు జరిమానాను కట్టిన పిమ్మటగాని దానిని తెరచియైనను చూడరు. అదివరకే నోటిమాటతో జరిగిపోయిన పంపకమును జ్ఞాపకార్థము వ్రాసికొన్న పట్టీ యైనచో రిజిస్ట్రేషను అక్కరలేదు. "ఇందుమూలముగ నేడు పంచుకొనుచున్నాము" అను వాక్యమునకును, "పోయిన ఏట పంచుకొంటిమి, ఆ సంగతి వ్రాసికొనుచున్నాము" అను వాక్యమునకును ఇంత దూరము కలదు. అట్లని జరుగనిదానిని జరిగినట్లు వ్రాయుమని నా భావము కాదు. అట్టి వ్రాత అడ్డుప్రశ్నలలో బయటపడక మానదు.

ఆ కాగితమునందు ఇంకొక లోపము కలదు; నా యెరుకలో ఇదియే పెద్దది. ఆ అన్నదమ్ములకు అక్కచెల్లెండ్రు కలరా అని ఎవ్వరును అడుగలేదు. "కట్నము ఇచ్చి పంపితిమి గదా" అని పెద్దలు సమాధానపడుదురు. కట్నమిచ్చినంత మాత్రమున ఆస్తిలో భాగము పోవునని చట్టమున ఎక్కడను లేదు; పైగా 1961 నుండియు కట్నమే నేరము. మన ప్రాంతమున 1985 సెప్టెంబరు 5 నుండి అమలైన రాష్ట్ర సవరణ చట్టము, ఆ నాటికి వివాహము కాని కుమార్తెలకు హిందూ ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానమైన వాటా నిచ్చెను. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్ర చట్టము ఆ హక్కును వివాహితలకును విస్తరించెను. ఆ దినమునకు తండ్రి జీవించియుండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పెను. 2004 డిసెంబరు 20కి పూర్వము రిజిస్టరయిన పంపకములును, కోర్టు డిక్రీతో ముగిసిన పంపకములును మాత్రము కదలవు. కావున ఆడబిడ్డను పిలువక చేసిన పంపకము ఆమెను కట్టివేయదు. ఆమె మెట్టినింటినుండి నేడు రాకపోవచ్చును. ఆమె కుమారుడు రేపు వచ్చును. అప్పుడు అన్నదమ్ములకు కలిగిన చిక్కు మీ తీర్పువలననే కలిగినదగును.

మరి మీరు కుదిర్చిన రాజీ చెదరకుండ నిలుచుటకు దారి లేదా? కలదు. దానినే లోక్ అదాలత్ అందురు. 1987లో పార్లమెంటు న్యాయసేవల అధికార సంస్థల చట్టమును చేసెను. 1995 నవంబరు 9 నుండి అది అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము ఢిల్లీలో జాతీయ సంస్థ, హైదరాబాదులో రాష్ట్ర సంస్థ, జిల్లా జడ్జి అధ్యక్షతన జిల్లా సంస్థ, వాని క్రింద స్థానికముగ కోర్టు నున్నచోట అచ్చటి సీనియరు న్యాయాధిపతి అధ్యక్షతన మండల న్యాయసేవల కమిటీ ఏర్పడినవి. దావా వేయకమునుపే, ఉభయులు రాజీకి ఒప్పుకొన్న వివాదమును ఈ కమిటీ ముందర అర్జీగ పెట్టవచ్చును. దీనికి కోర్టు రుసుము లేదు. లోక్ అదాలత్ బెంచివారు ఉభయులను వేరువేరుగను, కలిపియు విచారించి, ఎవరి బలవంతమును లేదని నమ్మకము కలిగినపుడు షరతులను వ్రాయించి, సంతకములు గైకొని, అవార్డు నిత్తురు. ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. మాట తప్పినవానిపై దానినే అమలుపరచుమని కోర్టును కోరవచ్చును. ఇదివరకే కోర్టులో నున్న దావా అట్లు రాజీయైనచో, కట్టిన కోర్టు రుసుము కూడ తిరిగి వచ్చును.

పైన చెప్పిన అన్నదమ్ముల విషయమున పెద్దలు చేయదగిన పని యిదియే. మీరు రచ్చకట్టపై చేసిన శ్రమ వ్యర్థము గాదు; కుదిర్చిన షరతులను కాగితముపై పెట్టుకొని, అక్కచెల్లెండ్రతో సహ వాటాదారులందరిని వెంటబెట్టుకొని పరకాల పోవలెను. సర్వే నంబరులు, హద్దులు, విస్తీర్ణము పాసుపుస్తకముతో సరిపోవునట్లు వ్రాయింపవలెను. భూమి విషయమైన అవార్డునకు స్టాంపు, రిజిస్ట్రేషను అవసరమగునో కాదో ఆ పూటనే కమిటీ వకీలును అడిగి తెలిసికొనవలెను. మరునాటికి వాయిదా వేయరాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. అప్పీలు లేదనుట రెండువైపుల పదును గల కత్తి. బెంచివారు న్యాయము తీర్చుటకు కూర్చుండువారు గారు. ఒప్పందమును నమోదు చేయుటకే కూర్చుందురు. ఈ సంగతిని 2008లో సుప్రీంకోర్టు స్పష్టపరచెను. ఇష్టము లేనిచో "నాకు సమ్మతము లేదు" అని లేచి రావచ్చును. కేసు కోర్టులో మామూలుగ నడచును. మొగమాటమునకు సంతకము చేసినవాడు తరువాత వగచి లాభము లేదు. మోసము జరిగినదని హైకోర్టులో రిట్టు వేయుట తప్ప వేరు మార్గము లేదు, అది సులభమును కాదు. కాబట్టి చదువురాని వానికి షరతులను తెలుగులో రెండుమారులు చదివి వినిపించిన తరువాతనే వ్రేలిముద్ర వేయనిండు.

ఇక కోర్టుల సంగతి. నిజాము పాలనలో కోర్టుభాష ఉర్దూ. తన దావాలో ఏమి వ్రాసిరో తెలియక, ముద్ర వేసివచ్చిన రైతులు ఎందరో! ఆ కాలపు మాటలు మనకు ఇంకను మిగిలియున్నవి: వకీలు, వకాలత్‌నామా, పేషీ, జామీను, దర్ఖాస్తు. హనుమకొండలో జిల్లా కోర్టు ఉన్న కూడలికి నేటికిని అదాలత్ అనియే పేరు. భాష విషయమున కొంత మార్పు వచ్చినది. 2023 జూన్ నెలలో తెలంగాణ హైకోర్టున ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము ఒక తీర్పును తెలుగులోనే వెలువరించెను; అదియు అన్నదమ్ముల భూవివాదమే యగుట విశేషము. అయినను కోర్టు కాగితములు పెక్కు ఇంగ్లీషులోనే నడచుచున్నవి. సంతకమునకు ముందు "ఇందులో ఏమున్నది, తెలుగులో చెప్పుడు" అని వకీలును అడుగుట కక్షిదారుని హక్కు.

పరకాలలో జూనియర్ సివిల్ జడ్జి కోర్టు కలదు. ముదుసలులు దీనిని మున్సిఫు కోర్టని పిలుతురు. భూమి, అప్పు, ఇండ్లు, దారి మొదలగు సివిల్ దావాలును, మేజిస్ట్రేటు విచారింపదగిన నేరములును ఇచ్చట నడచును. దావా విలువ ఎక్కువయైనను, హత్య వంటి ఘోరనేరమైనను పైకోర్టునకు పోవలెను. 2021లో ప్రభుత్వము జిల్లాల పేర్లను మార్చినప్పుడు పరకాల హనుమకొండ జిల్లాలో చేరెను. 2022 జూన్ 2 నుండి జిల్లాకొక జిల్లా కోర్టు ఏర్పడెను. కావున పాత అలవాటు చొప్పున "వరంగల్లు కోర్టు" అని వ్రాసిన కాగితము వేరొక జిల్లా కోర్టునకు పోవచ్చును. పేరు సరిగ వ్రాయుడు.

రైతులు తరుచు పొరపడునది రెవెన్యూ కార్యాలయమునకును సివిల్ కోర్టునకును గల భేదము విషయమున. పాసుపుస్తకములో పేరు తప్పుపడినను, విస్తీర్ణము తగ్గినను, విరాసతు కావలసినను రెవెన్యూ అధికారుల కడకు పోవలెను. 2020 నాటి చట్టము రెవెన్యూ కోర్టులను ఎత్తివేయుటచే కొన్నియేండ్లు రైతు అప్పీలు చేయదగిన చోటు లేక తిరుగవలసి వచ్చెను. 2025లో అమలైన భూభారతి చట్టము అప్పీళ్ల ఏర్పాటును తిరిగి తెచ్చెను. సాదాబైనామాలపై 2020లో తీసికొన్న దరఖాస్తులను పరిశీలించుటకును అందు వీలు కలదు. అయితే, "ఈ భూమి నాదా, నా దాయాదిదా?" అను మూలప్రశ్నను తహసీల్దారు తేల్చజాలడు. అది సివిల్ కోర్టు పని. ఆ తేడా తెలియక, కార్యాలయము చుట్టు మూడేండ్లు తిరిగి, చివరకు కోర్టు గడువును పోగొట్టుకొనువారు కలరు.

గడువుల మాట వచ్చినది గావున నాలుగింటిని గుర్తుంచుకొనుడు. ప్రోనోటుపై అప్పు వసూలునకు దావా గడువు 3 సంవత్సరములు. బాకీదారుడు గడువులోపల కొంత చెల్లించి, తన చేతితో చెల్లు వ్రాసి సంతకము చేసినచో అచ్చటినుండి మరల 3 సంవత్సరములు. నోటిమాటగ "పంట రాగానే ఇత్తును" అనినది లెక్కకు రాదు. స్వాధీనములో నున్న భూమినుండి ఎవడైన దౌర్జన్యముగ వెడలగొట్టినచో 6 నెలలలోపల కోర్టుకు పోయిన, హక్కు ఎవరిదను చర్చ లేకయే స్వాధీనమును తిరిగి ఇప్పింతురు. ఆరు నెలలు దాటెనా, హక్కును రుజువు చేసికొనుచు పెద్ద దావా నడుపవలసినదే. దానికి 12 సంవత్సరముల గడువు కలదు. మీ పంచాయతీ నెలల తరబడి సాగుచున్న కాలమున ఈ గడియారము ఆగదు. పంచాయతీ కూర్చుండిన దినముననే కాగితముపై తేదీ చూచి, గడువు దగ్గరపడినచో మొదట దావా వేయించి, పిమ్మట రాజీమాటలు నడిపింపుడు. దావా వేసినంత మాత్రమున రాజీ చెడదు.

నాలుగవది సమను విషయము. "నోటీసు తీసికొననిచో కేసే లేదు" అను మాట పల్లెలలో బాగుగ పాతుకొనిపోయినది. ఇంతకంటె హానికరమైన సలహా లేదు. తీసికొననని తిరస్కరించినను అందినట్లే భావింతురు. సమను అందిన 30 దినములలో జవాబు దాఖలు చేయవలెను. కోర్టు దయతలచినచో 90 దినములవరకు. పోనివానిపై ఏకపక్ష డిక్రీ వచ్చును. దానిని తీసివేయుమని కోరుటకు మామూలుగ 30 దినములే. కనుక ఊరిలో ఎవరింటికైనను అమీనా వచ్చి పోయెనని విన్నచో, ఆ సాయంకాలమే ఆ కాగితమును చదివించుడు.

పోలీసు విషయమున కొద్దిగ చెప్పెదను. 2024 జూలై 1 నుండి కొత్త శిక్షాస్మృతులు అమలులోనున్నవి. ఫిర్యాదు నమోదైనచో దాని ప్రతిని ఫిర్యాదికి ఉచితముగ ఇయ్యవలెను. నమోదు చేయనిచో ఆ సంగతిని వ్రాసి పై పోలీసు అధికారికి తపాలాలో పంపవచ్చును. అప్పటికిని కానిచో మేజిస్ట్రేటు నాశ్రయింపవచ్చును. అరెస్టు చేసినవానిని ప్రయాణకాలము గాక 24 గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను.

పెద్దలు తీర్చరాని తగవులును కలవు. తిట్లు, చిన్న దెబ్బలాటలు వంటివానిని ఉభయుల సమ్మతితో కోర్టులోనే రాజీ చేసికొనుటకు చట్టము ఒప్పును. హత్య, మానభంగము, షెడ్యూల్డు కులములవారిపై అత్యాచారము ఇట్టివానిని ఎవరును రాజీ చేయజాలరు. పసిబిడ్డలపై లైంగిక నేరము జరిగినదని తెలిసియు పోలీసులకు తెలుపకుండుటయే 2012 నాటి చట్టమున శిక్షార్హము. "పరువు పోవును, ఇంత సొమ్ము ఇప్పించి కప్పివేయుదము" అని కూర్చుండిన పెద్దమనిషి తానే ముద్దాయి కావచ్చును. తప్పు కట్టించుట, నీరు నిప్పు మానిపించుట అను పాత శిక్షలు వేయుటకు ఎవరికిని అధికారము లేదు. షెడ్యూల్డు కులముల, తెగలవారిని అట్లు వెలివేయుట ప్రత్యేక చట్టము క్రింద నేరము.

ఇప్పుడు డబ్బు లేనివాని మాట. "కోర్టు కెక్కినవాడు ఇల్లమ్ముకొనును" అని భయపడి న్యాయమైన హక్కును వదలుకొనువారు మన పల్లెలలో ఎందరో కలరు. పేదవానికి ఉచితముగ న్యాయసహాయము చేయవలెనని 1976లో రాజ్యాంగమున 39-ఎ అధికరణమును చేర్చిరి. నేటి చట్టము ప్రకారము స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములవారికి, షెడ్యూల్డు తెగలవారికి, వికలాంగులకు, కార్మికులకు, వరద భూకంపము వంటి విపత్తులలో చిక్కినవారికి, నిర్బంధములో నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేక వకీలు నిత్తురు. మిగిలినవారికి ప్రభుత్వము నిర్ణయించిన ఆదాయ పరిమితి కలదు; అది అప్పుడప్పుడు మారును గాన కమిటీలోనే అడుగవలెను. స్త్రీ యనగా బీదస్త్రీ యనియే అర్థము కాదని గమనింపుడు. నాలుగెకరముల ఆసామి భార్యయైనను, భర్త వెడలగొట్టినచో ఆమెకు ఈ సహాయము చెల్లును.

పద్ధతి సులభము. పరకాల కోర్టు ఆవరణలో మండల న్యాయసేవల కమిటీ ఎక్కడ అని అడుగుడు. తెల్లకాగితముపై తెలుగులో పేరు, ఊరు, తగవేమి, ఎవరితో, ఏ సహాయము కావలెను అని వ్రాసిన చాలును; వ్రాయలేనివాని మాటలను అచ్చటివారే వ్రాసికొందురు. ఆధార్ కార్డు, కులపత్రమో ఆదాయపత్రమో, తగవుకు సంబంధించిన కాగితముల నకళ్లు జతపరచవలెను. అసలు కాగితములను రసీదు లేక ఎవరి చేతికిని ఇయ్యరాదు. కేసులో పస యున్నదని కమిటీకి తోచినచో ప్యానెలు వకీలును నియమింతురు. ఆయన ఫీజును సంస్థయే చెల్లించును. కోర్టు రుసుము, నకళ్ల ఖర్చు మొదలగునవియు సంస్థ భరించును. అట్టి వకీలు కక్షిదారుని డబ్బడుగరాదు. అడిగినచో కమిటీ అధ్యక్షుడైన న్యాయాధిపతికే అర్జీ పెట్టవచ్చును. పరకాలదాక రాలేనివారు 15100 అను నంబరునకు ఫోను చేసి సలహా అడుగవచ్చును.

కోర్టు గేటుముందర టీ బల్లలపై కూర్చుండి, "జడ్జిగారు మనవారే, ఇంత ఇచ్చిన పని యగును" అనువారి సంగతి మీకు నాకంటె బాగుగ తెలియును. ఇట్టివానికి ఇచ్చిన సొమ్మునకు రసీదు లేదు, దావా లేదు. వకీలును పెట్టుకొనుటకు వకాలత్‌నామా ఒక్కటి చాలును. దానిలో కేసు పేరు, వకీలు పేరు నింపిన తరువాతనే సంతకము చేయవలెను. తెల్లకాగితముపై ముద్ర అడిగినవాడు వకీలైనను, బంధువైనను, వేయరాదు.

తుదకు మీ సొంత విషయము ఒకటి. ఇతరుల తగవులు తీర్చిన పెద్దలే, తమ భూమిని కుమారుల పేర పెట్టి, తరువాత ఇంట ఒక ముద్దకు ఎదురుచూచుట మనము చూచుచున్నాము. బయటికి చెప్పుకొన సిగ్గు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకై 2007లో ఒక చట్టము వచ్చినది. పోషింపని సంతానమునుండి నెలనెల భరణము ఇప్పించు ట్రిబ్యునలునకు రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షుడు; పరకాల డివిజను కేంద్రమే గనుక దూరము పోనక్కరలేదు. వకీలు లేకయే అర్జీ ఇయ్యవచ్చును. నోటీసు అందినది మొదలు 90 దినములలో తేల్చవలెనని చట్టము చెప్పుచున్నది. "నన్ను పోషించు షరతుపై ఇచ్చుచున్నాను" అని దానపత్రమున వ్రాసియుండి, కుమారుడు ఆ మాట తప్పినచో, ఆ దానమునే చెల్లదని ప్రకటించు అధికారము ట్రిబ్యునలునకు కలదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను వృద్ధుల మేలు కోరియే అన్వయింపవలెనని చెప్పెను. ఆ షరతు పత్రములో లేనిచో చిక్కు కలుగును. కావున ఇక ముందు ఊరిలో ఎవరు దానపత్రము వ్రాయబోయినను, వ్రాతకాని ప్రక్కన మీరు కూర్చుండి ఆ ఒక్క వాక్యమును చేర్పింపుడు. ఇదివరకే వ్రాసి యిచ్చినవారు పత్రము నకలు తీసికొని, సోమవారమున ఆ కార్యాలయమునకు పోయి అడుగవచ్చును. వృద్ధుల కొరకు 14567 అను ఫోను నంబరు కూడ కలదు.